రంధ్రాన్వేషణా, రసాస్వాదనా?

ఎదుటివారి పనిలో లోపాలు వెతకడాన్ని తెలుగులో రంధ్రాన్వేషణ అంటారు. సినిమా కథలో బొక్కలు వెతికే ప్రేక్షకుడికి ఇంతకంటే సరిపోయే మాట దొరకదు. అతీతశక్తులున్న వీరుల చిత్రాలు విడుదలైతే ఇతగాడికి పండగే. ఎగిరేవాణ్ణి ముందుకు నెట్టే బలం ఏది? మేడ మీదినుంచి దూకినవాడి కాళ్లు ఎందుకు విరగలేదు? ఇలా ప్రశ్నలు మొదలవుతాయి. పక్క కుర్చీలో ఉన్నాయన విసుక్కుని, కోడిగుడ్డుకు ఈకలు పీకడం మాని సినిమా చూడవయ్యా అంటాడు. ఈ తగవు తీర్చడం విజ్ఞాన పత్రికకు తగిన పనేనా? తగిన పనే. దేన్ని నమ్మాలి, ఎంతవరకు నమ్మాలి, ఎక్కడ నమ్మకం ఆపాలి అన్నది ఆ తగవులోని అసలు ప్రశ్న. విజ్ఞానశాస్త్రం రోజూ వేసుకునే ప్రశ్న కూడా అదే.

పశ్చిమ బెంగాల్‌లోని ఖరగ్‌పూర్ ఈ తగవుకు సరైన ఊరు. బెంగాల్ నాగపూర్ రైల్వే కాలంలో రూపుదిద్దుకున్న ఈ రైల్వే పట్టణానికి ఉత్తరాంధ్ర నుంచి ఎన్నో తెలుగు కుటుంబాలు వచ్చాయి. వర్క్‌షాపులోనూ లైనుమీదా పనిచేస్తూ న్యూ సెటిల్‌మెంట్ వంటి కాలనీల్లో తరతరాలుగా స్థిరపడ్డాయి. 1951లో మొదలైన దేశపు తొలి ఐఐటీ ఉన్నదీ ఈ ఊళ్లోనే. చక్రాన్ని సుత్తితో కొట్టి, శబ్దం విని బాగోగులు చెప్పగలవారు ఒక పక్క, అదే చక్రాన్ని సమీకరణాల్లో చూసేవారు మరో పక్క ఉన్నారు. ఇలాంటి ఊళ్లో తెరమీద రైలు కనబడిందంటే దానికి పరీక్ష తప్పదు. కాబట్టి మనమూ రైలుతోనే మొదలుపెడదాం.

పట్టాగా మారిన మనిషి

రిచర్డ్ డోనర్ దర్శకత్వంలో 1978లో వచ్చిన 'సూపర్‌మ్యాన్' చిత్రంలో భూకంపానికి రైలు పట్టా విరిగిపోతుంది. బండి దూసుకొస్తూంటుంది. వీరుడు విరిగిన చోట తన శరీరాన్నే పట్టాగా పరుస్తాడు, బండి అతని మీదుగా క్షేమంగా దాటిపోతుంది. ఇప్పుడు రైల్వే మనిషి ఏమంటాడో ఆలోచించండి. చక్రానికి లోపలి అంచున ఫ్లాంజి ఉంటుంది, అది దిగడానికి పట్టా పక్కన ఖాళీ కావాలి. పట్టా తల నునుపుగా, ఒకే ఎత్తులో ఉండాలి. మనిషి వీపు అలా ఉండదు కదా!

ఈ అభ్యంతరం సబబైనదే. కానీ అది దారితీసే లెక్క ఇంకా ఆసక్తికరమైనది. ఒక ఇరుసు మీద 20 టన్నుల బరువు ఉందనుకుంటే ఒక్కో చక్రం మోసేది 10 టన్నులు. ఉక్కు చక్రం ఉక్కు పట్టాను తాకే చోటు చిన్న నాణెమంత, అంటే సుమారు ఒక చదరపు సెంటీమీటరు. ఆ కాస్త చోటులో 10 టన్నులంటే, మన చుట్టూ ఉన్న వాతావరణ పీడనానికి దాదాపు పదివేల రెట్లు! పట్టా ఈ ఒత్తిడిని భరించి, స్లీపర్ల మీదికి, వాటి కింది కంకరలోకి, చివరికి నేలలోకి పంచుతుంది. రోజూ మనం ఎక్కే రైలుబండి కింద జరిగే ఈ పనిని మనలో ఎందరు గమనించారు? తెరమీది అసంభవం గురించి అడిగిన ప్రశ్న మన కాళ్లకింది సంభవాన్ని చూపించింది. రంధ్రాన్వేషణ వల్ల కలిగే మొదటి లాభం ఇది. సినిమా ఆనందం దీనివల్ల తగ్గదు, పైగా ఇంటికి వచ్చాక కూడా కొనసాగుతుంది.

ఒకే ఒక్క మినహాయింపు

అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్ర ఆచార్యుడైన జేమ్స్ కకాలియోస్ సూపర్‌హీరోల భౌతికశాస్త్రం మీద 2005లో ఒక పుస్తకం ప్రచురించారు. ఆయన పద్ధతి సులువైనది. ప్రతి వీరుడికీ ప్రకృతి నియమాల నుంచి ఒక్క మినహాయింపు ఇవ్వాలి. దాన్ని ప్రశ్నించకూడదు. అయితే ఆ తర్వాత జరిగేదంతా మామూలు నియమాల ప్రకారం నడుస్తోందా అని చూడాలి. కవి కోలరిడ్జ్ 1817లో పాఠకుడు తన అపనమ్మకాన్ని ఇష్టపూర్వకంగా పక్కన పెట్టడం గురించి రాశాడు. కకాలియోస్ దానికి ఒక కొలత పెట్టారనుకోవచ్చు. పక్కన పెట్టాల్సింది ఒక్కదాన్నే, మొత్తాన్ని కాదు.

ఈ కొలబద్దతో సామ్ రైమీ తీసిన 'స్పైడర్‌మ్యాన్ 2' (2004) లోని రైలు సన్నివేశాన్ని చూద్దాం. అదుపు తప్పిన రైలును వీరుడు ఇరుపక్కల భవనాలకు సాలెదారాలు విసిరి ఆపుతాడు. ఇంగ్లండులోని లెస్టర్ విశ్వవిద్యాలయ విద్యార్థులు దీన్ని నిజంగానే లెక్కకట్టారు. నాలుగు పెట్టెలు, వాటినిండా ప్రయాణికులు కలిపి సుమారు 2 లక్షల కిలోలు. వేగం సెకనుకు 24 మీటర్లు, అంటే గంటకు 86 కిలోమీటర్లు. ఆపడానికి కావలసిన బలం 3 లక్షల న్యూటన్లని తేలింది. అంత గట్టి దారం సృష్టిలో ఉందా? మడగాస్కర్‌లో ఉండే డార్విన్ బార్క్ సాలీడు నేసే దారం మనకు తెలిసిన జీవపదార్థాలన్నిటిలోకీ అత్యంత గట్టివాటిలో ఒకటి. ఆ కోవకు చెందిన దారం తగినంత మందంగా ఉంటే సరిపోతుందని వారు తేల్చారు. బండి 50 సెకన్లలో సమంగా నెమ్మదిస్తూ ఆగిందనుకుంటే, అంతలో అది పోయే దూరం 600 మీటర్లు. ఖరగ్‌పూర్ స్టేషన్‌లోని 1,072 మీటర్ల ప్రసిద్ధ ప్లాట్‌ఫారంలో సగానికి కాస్త ఎక్కువ! అసాధ్యమని కొట్టిపారేసిన దృశ్యమే లెక్కకు నిలబడింది.

లెక్కకు లొంగనిది దారం కాదు, మనిషి. రెండు చేతులతో ఆ బలాన్ని పట్టి ఉంచిన వీరుడి భుజాలే అద్భుతం. కానీ అది మనం ముందే ఇచ్చిన మినహాయింపులోకి వస్తుంది.

ఇదే వీరుడి బొమ్మల పుస్తకంలో 1973లో ఒక విషాదం ఉంది. వంతెన మీదినుంచి పడుతున్న ప్రియురాలు గ్వెన్ స్టేసీని అతడు దారంతో పట్టుకుంటాడు, అయినా ఆమె చనిపోతుంది. పడిపోవడంకంటే హఠాత్తుగా ఆగిపోవడం ప్రమాదం. ఆగే సమయం ఎంత తక్కువైతే తగిలే బలం అంత ఎక్కువ. రైలు పెట్టెల చివర బఫర్లు బిగించేది ఈ కారణంతోనే. అవి ఢీకొనే క్షణాన్ని కాస్త సాగదీస్తాయి. కథకులు ప్రకృతి నియమాన్ని గౌరవించినచోట కథ బలహీనపడలేదు, పాఠకులు దశాబ్దాలపాటు మరచిపోలేని విషాదమైంది.

ఈగకు ఉన్న నియమం

మన తెలుగు చిత్రాలకు వద్దాం. వీరుడికి శక్తి ఎక్కడినుంచి వచ్చిందన్న ప్రశ్నకు అమెరికా చిత్రాలు వేరే గ్రహమనో, ప్రయోగశాలలో సాలీడు కుట్టిందనో చెబుతాయి. మనవాళ్లు ఆంజనేయుణ్ణి తలచుకుంటారు. 1980లో ఎన్.టి.రామారావు నటించిన 'సూపర్‌మేన్', 2024లో ప్రశాంత్ వర్మ తీసిన 'హనుమాన్' రెండూ ఈ దారివే. విజ్ఞానశాస్త్రం దృష్టిలో వేరే గ్రహం కథ హనుమంతుడి కథకంటే ఎక్కువదేమీ కాదు. రెండూ మినహాయింపులే. ఆ మినహాయింపును కథ ఎంత నిజాయితీగా వాడుకుందన్నదే విమర్శకుడు చూడవలసింది. 'హనుమాన్'లో మణి శక్తి సూర్యకాంతిలోనే పనిచేస్తుంది. ఈ హద్దు గీశాక పొద్దు వాలే ప్రతి దృశ్యంలోనూ మనకు గుబులు పుడుతుంది. హద్దు లేని శక్తికి ఉత్కంఠ ఉండదు.

రాజమౌళి 'ఈగ' (2012) దీనికి ఇంకా మంచి ఉదాహరణ. చనిపోయిన యువకుడు ఈగగా పుట్టి, తన హంతకుడి మీద పగ తీర్చుకుంటాడు. పునర్జన్మ, పూర్వజన్మ జ్ఞాపకం కలిపి ఒక మినహాయింపు. ఆ తర్వాత మాత్రం ఈగ ఈగలాగే బతుకుతుంది. దాని బరువు పది పన్నెండు మిల్లీగ్రాములు, మనిషి దానికి కొన్ని లక్షల రెట్లు బరువు. అది హంతకుణ్ణి గుద్ది పడగొట్టలేదు. చెవి దగ్గర రొద చేస్తుంది, నిద్ర చెడగొడుతుంది, కారు నడిపేటప్పుడు దృష్టి మళ్లిస్తుంది. పురుగుమందు నుంచి తప్పించుకోవడానికి సూక్ష్మశిల్పాలు చేసే నాయిక దానికి చిన్న ముసుగు చేసి ఇస్తుంది.

జీవశాస్త్రవేత్త జె.బి.ఎస్. హాల్డేన్ 1926లో జంతువుల పరిమాణం గురించి ప్రసిద్ధమైన వ్యాసం రాశారు. (ఆయన 1957లో కలకత్తాకు వచ్చి, 1964లో భువనేశ్వర్‌లో కన్నుమూశారు.) ఒక ప్రాణిని పొడవులో పదింతలు చేస్తే బరువు వెయ్యింతలవుతుంది, ఎముకల అడ్డుకోత మాత్రం వందింతలే అవుతుంది. అందుకే కథల్లోని రాక్షసుడు అడుగు వేయగానే తొడ ఎముక విరగాలి. చిన్న ప్రాణికి ఇందుకు విరుద్ధమైన లాభనష్టాలున్నాయి. ఎత్తునుంచి పడినా దానికి దెబ్బ తగలదు, కానీ నీటిబొట్టు తలతన్యత దాన్ని బంధించగలదు. 'ఈగ'లో బరువులెత్తే కసరత్తులు అతిశయోక్తే అయినా, చిన్నదానికి చిన్నతనమే ఆయుధమన్న మూలసూత్రాన్ని చిత్రం వదలలేదు. అందుకే నవ్వుతూ మొదలుపెట్టిన ప్రేక్షకుడు చివరికి ఈగ పక్షాన నిలబడ్డాడు.

అసలు బొక్క ఏది?

ఇప్పుడు తిరిగి 1978 చిత్రానికి వెళ్దాం. ప్రియురాలు మరణించాక సూపర్‌మ్యాన్ భూమి చుట్టూ మహావేగంతో తిరుగుతాడు, భూమి వెనక్కి తిరుగుతుంది, కాలం వెనక్కి మళ్లుతుంది. భూభ్రమణాన్ని తిప్పినంత మాత్రాన కాలం తిరగదని బడిపిల్లలకూ తెలుసు. గడియారం ముల్లును వెనక్కి తిప్పితే నిన్నటి రోజు రాదు. కానీ ఈ చిత్రంలో పెద్ద లోపం ఇది కాదు. కాలాన్ని మళ్లించగలవాడికి ఇక ఏ నష్టమూ నష్టం కాదు. పట్టా విరిగినా, ఆనకట్ట తెగినా మళ్లీ మొదటికి వెళ్లవచ్చు. రెండు గంటలపాటు మనం పడిన ఆదుర్దాను చిత్రమే చివర్లో రద్దు చేసింది.

రంధ్రాన్వేషకుడు ఈ తేడా గమనించాలి. ప్రకృతి నియమాన్ని తప్పడం ఒక రకం, తన సొంత నియమాన్ని తానే తప్పడం ఇంకో రకం. మొదటిది చాలాసార్లు క్షమార్హం, రెండోది అరుదుగా మాత్రమే. ఇక మూడో రకం లోపాలు అసలు లోపాలే కావు. ఆపదలో ఉన్న పాత్ర తెలివితక్కువ పని చేసిందని విమర్శించేవారు, తాము భయపడినప్పుడు ఎంత తెలివిగా ఉంటారో ఒకసారి తలచుకుంటే మంచిది. 1957లో 'మాయాబజార్' చూసిన ప్రేక్షకులు ఘటోత్కచుడి ఎదుట లడ్డూలు వాటంతటవే నోట్లోకి ఎగిరితే కేరింతలు కొట్టారు. అది ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్‌ట్లీ చమత్కారమని తెలిసినవారికి ఆనందం రెట్టింపైందే కాని తగ్గలేదు.

తెర దాటిన నమ్మకం

అయితే సినిమాను సినిమాగా చూడమనే మాటకూ ఒక హద్దు ఉంది. 1997లో దూరదర్శన్‌లో మొదలైన 'శక్తిమాన్' ధారావాహిక పిల్లల్ని విపరీతంగా ఆకట్టుకుంది. వీరుడు వచ్చి కాపాడతాడని పిల్లలు ప్రమాదాలకు పాల్పడుతున్నారని అప్పట్లో వార్తలొచ్చాయి. ఆ పాత్రధారి ముకేష్ ఖన్నాయే తెరమీదికి వచ్చి, తనను అనుకరించవద్దని పిల్లలకు చెప్పవలసి వచ్చింది. మినహాయింపు తెరకే పరిమితమని పెద్దలకు తెలిసినంత సులువుగా ఆరేళ్ల పిల్లవాడికి తెలియదు. పక్కన కూర్చున్న పెద్దలు అడిగే 'ఇది నిజంగా జరుగుతుందా?' అన్న ఒక్క ప్రశ్న అక్కడ రసభంగం కాదు, రక్షణ.

పిల్లల సంగతి సరే, పెద్దల మాటేమిటి? 2015 జనవరిలో ముంబైలో జరిగిన 102వ భారత సైన్స్ కాంగ్రెస్‌లో ప్రాచీన విమానాలు గ్రహాల మధ్య ప్రయాణించాయన్న ప్రసంగం వినిపించింది. 2019 జనవరిలో జలంధర్‌లో జరిగిన 106వ సమావేశంలో ఒక విశ్వవిద్యాలయ ఉపకులపతి కౌరవులు టెస్ట్‌ట్యూబ్ శిశువులన్నారు. శాస్త్రవేత్తలు నిరసించారు. ఇక్కడ జరిగింది గమనించండి. సినిమా తాను కల్పనేనని చెప్పి టికెట్టు అమ్ముతుంది, మన అపనమ్మకాన్ని మూడు గంటలకు అద్దెకు తీసుకుని తిరిగి ఇచ్చేస్తుంది. సైన్స్ వేదిక ఎక్కిన కల్పన మాత్రం నిజమని ముద్ర వేయించుకోవాలని చూస్తుంది, మన అపనమ్మకాన్ని శాశ్వతంగా అడుగుతుంది. వీరుడి అంగీ ఎందుకు చిరగలేదని గంటసేపు వాదించే చురుకుదనం అవసరమైన చోటు ఆ వేదిక ముందు.

కాబట్టి తగవు ఇలా తీర్చవచ్చు. హాలులో దీపాలు ఆరినప్పుడు వీరుడికి అతని ఒక్క అద్భుతాన్ని ఇచ్చేద్దాం, చప్పట్లు కొడదాం. కథ తన మాట తానే తప్పితే నిలదీద్దాం. ఇంటికి నడిచివెళ్తూ పిల్లలతో కలిసి లెక్కలు వేద్దాం: బండి బరువెంత, వేగమెంత, ఆపడానికి బలమెంత? న్యూ సెటిల్‌మెంట్‌లో ఈ లెక్కకు పుస్తకం కూడా అక్కర్లేదు. వర్క్‌షాపులో పనిచేసిన తాతగారు ఉంటే చాలు.