హెన్లీ వీధి గృహము: స్వామిత్వ పరంపరయు జీర్ణోద్ధరణ విమర్శనమును

ఆంగ్లకవి షేక్స్పియరు జన్మించెనని చెప్పబడు గృహము ఇంగ్లండు దేశమున ఏవన్ నదీతీరమందలి స్ట్రాట్ఫర్డు పట్టణమున హెన్లీ వీధిలో నేటికిని నిలిచి యున్నది. దానిని దర్శించినవారు తఱచుగా కవిని కొనియాడుదురు గాని గృహచరిత్రమును విచారింపరు. పలుచేతులు మాఱి వచ్చిన ప్రాచీనగృహము పలువురు లేఖకులు వ్రాసిన తాళపత్రప్రతి వంటిది. అందు మూలమెయ్యది, ప్రక్షిప్తమెయ్యది, పరిష్కర్త పూరించినదెయ్యది అని తెలియక దానిని ప్రమాణముగా గ్రహించుట యుక్తము కాదు.

మొదట పత్రసాక్ష్యమును చూడవలెను. కవితండ్రియగు జాన్ షేక్స్పియరు చేతితొడుగులు కుట్టి విక్రయించువాడు. 1552వ సంవత్సరమున హెన్లీ వీధిలో పెంటకుప్ప వేసినందులకు అతనికి విధింపబడిన జరిమానాయే అతని ఆ వీధి కాపురమునకు తొలి యాధారము. మహాకవి జన్మస్థలమునకు పెంటకుప్ప సాక్షియగుట కొందఱకు నవ్వు పుట్టించును గాని, విమర్శకునకు అది పెక్కు స్తోత్రములకంటె విలువగలది. 1556లో అతడు ఆ వీధియందొక యింటిని, 1575లో మఱి రెండిండ్లను కొనెను. ఇప్పుడొక్కటిగా కనబడు కట్టడమున తూర్పుభాగము మొదటి క్రయమునకును, పడమటిభాగము రెండవదానికిని చెందినవని ప్రసిద్ధమైన అభిప్రాయము. కవికి బాప్తిస్మము జరిగినది 1564 ఏప్రిల్ 26వ తేదీ. యాత్రికులకు చూపబడు పురిటిగది యున్నదో, పడమటిభాగముననే. తండ్రి అప్పటికే అందు అద్దెకుండెనని ఊహించినగాని ఈ రెండును పొసగవు. ఆ యూహ అసంగతము కాదు. జరిమానా పత్రము దానికి కొంత అనుకూలించును. అయినను ఆ పత్రమున ఏ యిల్లో చెప్పబడలేదు.

1601లో తండ్రి గతింపగా గృహము కవికి సంక్రమించెను. అతడు 1597లోనే న్యూప్లేసు అను పెద్ద భవనమును కొనియుండుటచే దీనిలో అధికభాగమును కౌలున కిచ్చెను. అది పూటకూళ్లయిల్లయ్యెను. చిన్నభాగమున సోదరి జోను హార్టు నివసించెను. ఏటికి పండ్రెండు పెన్నీల అద్దెతో ఆమె జీవితాంతము అందుండవచ్చునని కవి 1616 నాటి మరణశాసనమున వ్రాసెను. స్వామిత్వము కూతురు సుసానాకును, 1649లో ఆమె మరణింపగా దౌహిత్రి ఎలిజబెత్తునకును, 1670లో ఈమె సంతానహీనయై మరణింపగా జోను వంశమునకును చెందెను. హార్టు వంశీయులు 1806లో తామస్ కోర్టు అను కసాయికి అమ్మిరి. ఇన్నాళ్లును ఈ యింటిని నిలిపినది కవిభక్తికంటె కాపురమును, బేరమును అని చెప్పుట సత్యమునకు సమీపము. న్యూప్లేసును 1759లో గాస్ట్రెల్ అను మతాచార్యుడు పన్నుల వివాదమున పడగొట్టించెను. అతనిని నిందించువారు పెక్కురు. కాని అతడు కూల్చినది 1702 ప్రాంతమున క్లాప్టన్ వంశీయులు తిరుగ గట్టించిన భవనము. కవి నివసించిన కట్టడము అంతకుముందే రూపు మాసెను. నిందలో సగమైనను ఆ వంశమునకు పంచియిచ్చుట న్యాయము.

కోర్టు భార్యయు గతించిన పిదప హెన్లీ వీధి గృహము 1847 సెప్టెంబరు 16న వేలమునకు వచ్చెను. అమెరికాదేశపు వినోదప్రదర్శకుడు బార్నమ్ దానిని తరలించుకొనిపోవునను వదంతి పుట్టెను. చందాలు ప్రోగుచేసిన సంఘమువారు 3,000 పౌనులకు కొనిరి. కొనుటకు ధనము చాలెను గాని బాగుచేయుటకు చాలలేదు. 1856లో 2,500 పౌనులిచ్చి ఆ కొఱత తీర్చినవాడు కవితో పేరు కలిసిన మఱియొక జాన్ షేక్స్పియరు. అతడు కుంపిణీ ఉద్యోగులగు యువకులకు ఆడిస్కాంబు పాఠశాలలో హిందూస్థానీ బోధించిన ఆచార్యుడు; ఆ భాషకు వ్యాకరణమును నిఘంటువును రచించినవాడు. భారతదేశభాషను బోధించి జీవించిన వైయాకరణుని ద్రవ్యము ఆంగ్లకవి యింటికప్పునకు ఉపయోగపడుట మన పండితులు గుర్తింపదగిన విషయము.

ఇక జీర్ణోద్ధరణము. 1857లో అగ్నిభయముచే ఇరుప్రక్కల యిండ్లను తొలగించిరి. వీధివరుసలో నొకటిగానుండిన గృహము తోటలో నొంటిగా నిలిచెను. పూటకూళ్లవారు ముందుగోడకు పెట్టిన ఇటుకకట్టును తీసివైచి కఱ్ఱచట్రముల నమర్చిరి. అంతకుముందు పోయిన కప్పుకిటికీలను మఱల నెత్తిరి. వీనికెల్ల ప్రధానమైన మాతృక 1769లో రిచర్డు గ్రీను గీసిన చిత్రము. అది కవి పుట్టిన 205 ఏండ్లకు పుట్టినది! ఏకప్రతిని నమ్మి, ఆ ప్రతికంటె పూర్వపు పాఠము నిదియేయని ప్రకటించిన పరిష్కర్త సాహసమునకును దీనికిని భేదమేమి? వ్యాకరణమున స్థానివద్భావమున్నది, ఆదేశము స్థానివలె కార్యములను పొందును. ఆ న్యాయముచే క్రొత్తదూలమును ప్రాతదూలమువలె గౌరవింపవచ్చును. కాని అల్విధియందు, అనగా స్థానియొక్క వర్ణమునే ఆశ్రయించిన కార్యమునందు, ఆ యతిదేశము చెల్లదు. అట్లే కొయ్య వయస్సుపై ఆధారపడిన ఏ నిర్ణయమునకును క్రొత్తదూలము సాక్షి కాజాలదు. 1891లో చట్టముచే ఏర్పడిన ధర్మకర్తృసంస్థ గృహమును శ్రద్ధతో కాపాడుచున్నది. ఏ యంగము ఏనాటిదో చూపరులకు గోడపైననే తెలుపుట ఆ శ్రద్ధకు తగినపని.

సంస్కర్తలు తుడిచినదానికంటె ఒక కోపిష్టి స్త్రీ తుడువజూచినది చక్కగా నిలుచుట వింత. మేరీ హార్న్బీ యను అద్దెదారు చాలకాలము యాత్రికులకు ఆ గదిని చూపుచుండెను. అద్దె పెంచగా 1820లో ఇల్లు విడుచుచు, గోడలపై దర్శకులు వ్రాసిన పేరులన్నిటిమీద వెల్ల వేసిపోయెను. ఆ సున్నమున జిగురు లేకుండుటచే తరువాతివారు దానిని రాల్చి పేరులను బయటికి తీసిరని చెప్పుదురు. వాల్టర్ స్కాటు తన పేరు గీకిన కిటికీ అద్దమును ఆ యింటనే భద్రపఱచియున్నారు.