మాట వెనుక మనుషులు

అనువాదమంటే నిఘంటువు చూసి మాటకు మాట జతపరచడమేనని నమ్మేవారు మనలో ఇంకా ఉన్నారు. అర్థంతో పాటు మాటకు చరిత్ర కూడా ఉంటుందని వారు మరచిపోతారు. ఒక చిన్న ఉదాహరణ తీసుకుంటాను.

ఇంగ్లీషులో 'అబలోనీ' అనే మాట ఉంది. సముద్రంలో రాళ్లను కరచుకుని బతికే పెద్ద నత్త అది. దీన్ని స్పానిషులో ఏమనాలి? స్పెయిన్ పాఠకుడికి 'ఒరెహా దె మార్', అంటే 'సముద్రపు చెవి'. మెక్సికో పాఠకుడికి 'అబులోన్'. రెండూ సరైనవే అయినప్పుడు ఏది వాడితేనేం అని అడగవచ్చు.

'అబులోన్' కాలిఫోర్నియాలో మాంటెరే తీరపు ఆదివాసులైన రుమ్‌సెన్ ప్రజల మాట నుంచి వచ్చింది. 1770లో స్పానిష్ సైనికులు, మతగురువులు అక్కడ పాతుకుపోయారు. వారి భాష ఆ మాటను తనలో కలుపుకుంది. 1848లో కాలిఫోర్నియా అమెరికా వశమైంది. మాట ఇంగ్లీషుకూ చేరింది. రుమ్‌సెన్ భాషను ధారాళంగా మాట్లాడిన చివరి వ్యక్తిగా పేరొందిన ఇసబెల్ మెడోస్ 1939లో కన్నుమూసింది. దొరల భాషలు రెండూ ఆ మాటను దాచుకున్నాయి. దాన్ని పుట్టించినవారి భాష మూగబోయింది. మాంటెరే కథను స్పానిషు చేస్తూ 'సముద్రపు చెవి' అంటే అర్థం చెడదు గాని, ఈ చరిత్ర అంతా చెరిగిపోతుంది.

చిలీ సంగతి మరొకటి. అక్కడి 'లోకో' వేరే జాతి నత్త. దాన్ని విదేశీ మార్కెట్లో 'చిలీ అబలోనీ' అని అమ్మారు. వ్యాపారి పెట్టిన ఆ పేరును నమ్మి అనువాదకుడు 'అబులోన్' అని రాస్తే, నీళ్లలో మునిగి లోకోలు ఏరే చిలీ శ్రామికుడు తన పనిని తానే గుర్తుపట్టలేడు.

పాఠకుడికి తెలియని మాట ఎందుకన్న ఆక్షేపణ న్యాయమైనదే. దానికి జవాబు వాక్యంలోనే చెప్పవచ్చు: రాతి నుంచి ఆ నత్తను ఊడదీసే చేతిని చూపిస్తే మాట దానంతటదే తెలుస్తుంది.

లాటిన్ అమెరికా కథలను మనం ఎక్కువగా ఇంగ్లీషు మీదుగానే తెచ్చుకుంటున్నాం. అలాంటి ఒక కథలో 'అబలోనీ'ని నేనే 'ఆల్చిప్ప' అని రాశాను. ఆల్చిప్పకు రెండు డిప్పలు, అబలోనీకి ఒక్కటే. అంతకన్నా పెద్ద తప్పు, అది ఏ తీరమో, ఏరినవారు దాన్ని ఏమని పిలుచుకున్నారో నేను విచారించకపోవడం. అనువాదకులు ముందుగా వేసుకోవలసిన ప్రశ్న అదేనని ఇప్పుడు అనుకుంటున్నాను.