ఆ పిల్లవాడికి రానాక్ సంగతి తెలీదా?

మాస్ ఎఫెక్ట్ 3 ముగింపు మీద గొడవ పాతబడిపోయింది. 2012 మార్చిలో గేమ్ వచ్చినప్పుడు అభిమానులు మండిపడి, బయోవేర్ ఆఫీసుకి నాలుగొందల దాకా కప్‌కేకులు పంపారు. పైన ఎరుపు, నీలం, ఆకుపచ్చ క్రీము. లోపల మూడింటి రుచీ ఒకటే. దాని ముగింపు మీద అంతకంటే మంచి రివ్యూ నేను చదవలేదు. అయినా ఆ రివ్యూ కూడా అసలు నొప్పి ఎక్కడుందో పట్టుకోలేదనిపిస్తుంది.

మూడే రంగులుండటం నాకు పెద్ద ఫిర్యాదు కాదు. చేసిన ప్రతి నిర్ణయానికీ ఓ ముగింపు రాయడం ఎవరి తరమూ కాదు. షెపర్డ్ చచ్చిపోవడం గురించీ కాదు, అది ముందే తెలుస్తూనే ఉంటుంది.

ఈ గేమ్ గొప్పదనం దాని జ్ఞాపకశక్తి. మొదటి భాగం 2007లో, రెండోది 2010లో. ఒకదాని సేవ్ ఫైల్ ఇంకోదాంట్లోకి వెళ్తుంది. మొదటి భాగంలో తుపాకీ దించమని రెక్స్‌ని ఒప్పించగలిగితే, మూడో భాగంలో క్రోగన్ల నాయకుడిగా అతనే ఎదురొస్తాడు. లేదంటే ఆ కుర్చీలో ఇంకెవడో ఉంటాడు.

రానాక్ దగ్గరికి వద్దాం. క్వారియన్లు తయారుచేసుకున్న యంత్రాలు గెత్. వాటికి ఆలోచన పుట్టేసరికి భయపడి చంపబోయి, యుద్ధంలో ఓడి, దాదాపు మూడు వందల ఏళ్లుగా ఇల్లు లేక ఓడల్లో బతుకుతున్నారు క్వారియన్లు. మొదటిసారి ఆడినప్పుడు వాళ్లని కలపడం నావల్ల కాలేదు. నేను గెత్ వైపు నిలబడ్డాను. తన వాళ్లంతా కళ్లముందే కాలిపోతుంటే టాలి కొండ అంచు నుంచి వెనక్కి వాలిపోయింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు (నవ్వుకోండి, పర్లేదు). మర్నాడు రెండో భాగం మొదట్నుంచీ మొదలెట్టాను. టాలి విచారణలో ఏం మాట్లాడామన్నది కూడా లెక్కలోకి వస్తుంది కాబట్టి, ముప్పై గంటల పైనే పట్టింది. ఈసారి కలిశారు. అంతకాలం ‘మేము’ అని మాత్రమే మాట్లాడిన లీజియన్ పోయేముందు ‘నేను’ అంది. తర్వాత గెత్ క్వారియన్ల సూట్లలోకి చేరి, సొంత గ్రహం గాలికి వాళ్ల ఒళ్లు అలవాటుపడేలా సాయం చేస్తాయి.

ఇంత జరిగాక, చివరి పది నిమిషాల్లో కాటలిస్ట్ అనే మెరిసే పిల్లవాడొచ్చి, తయారైనవి తయారుచేసినవాళ్ల మీద ఎప్పటికైనా తిరగబడతాయి అంటాడు. రీపర్లు యాభై వేల ఏళ్లకోసారి నాగరికతల్ని కోసేసేది అందుకేనట. మూడు భాగాలూ అడ్డమైనవాళ్లందరితో వాదించిన షెపర్డ్ నోటికి ఇక్కడ తాళం. ‘రానాక్ చూసిరా’ అనే ఒక్క మాట డైలాగుల్లో లేదు. పైగా ఎరుపు ఎంచుకుంటే రీపర్లతో పాటు గెత్ కూడా పోతాయి.

జూన్‌లో ఉచితంగా ఇచ్చిన ఎక్స్‌టెండెడ్ కట్‌లో ప్రశ్నలు పెరిగాయి, మూడింటినీ కాదనే దారి కూడా వచ్చింది. కాదంటే అందరూ చస్తారు. వాదనకి జవాబు మాత్రం రాలేదు.

మూడో భాగం మొత్తమే ముగింపు, చివరి పది నిమిషాలు పట్టించుకోకండి అంటారు కొందరు. మోర్డిన్ పాట పాడుకుంటూ పోయే చోట నేనూ సగం ఒప్పుకుంటాను. మిగతా సగం ఒప్పుకోలేను. యుద్ధం ఎందుకు జరిగిందో చెప్పేది ఆ పది నిమిషాలే కదా!

ఆ పిల్లవాడికి కాస్త ముందు, నెత్తురోడుతూ షెపర్డూ ఆండర్సనూ పక్కపక్కన కూర్చుని కిటికీలోంచి భూమిని చూస్తారు. 2021లో లెజెండరీ ఎడిషన్ వచ్చినప్పుడు మూడు భాగాలూ మళ్లీ ఆడాను. టాలిని బతికించాను. ఆండర్సన్ కళ్లు మూశాక గేమ్ ఆపేశాను.