అన్యదేశ్యం అనే ముద్ర

నిఘంటువును నిష్పక్షపాతమైన పుస్తకమని చాలామంది నమ్ముతారు. మాటల్ని అకారాదిగా పేర్చి అర్థాలు రాయడంలో రాజకీయం ఏముంటుందని అడుగుతారు. ఏ మాటను లోపలికి రానివ్వాలో, ఏ మాట పక్కన ఏ ముద్ర వెయ్యాలో తేల్చేది భాష గురించి నిఘంటుకర్తకున్న సిద్ధాంతం. పీఠికలో చెప్పినా చెప్పకపోయినా అది ప్రతి పేజీలోనూ పనిచేస్తుంది. ముస్లింలుగా, తెలుగులో రాసేవాళ్లుగా మేము నిలదీస్తున్నది ఆ సిద్ధాంతాన్ని.

మన వ్యాకరణ సంప్రదాయం మాటల్ని తత్సమం, తద్భవం, దేశ్యం, గ్రామ్యం అని విడగొట్టింది. దేశ్యంలో మళ్లీ అన్యదేశ్యం అనే గది కట్టింది. సంస్కృతం నుంచి వచ్చిన మాట ‘దానితో సమానం’ అయింది. అరబీ, ఫారసీ, ఉర్దూల నుంచి వచ్చిన మాట పరాయి దేశానిది అయింది. సంస్కృతమే తెలుగుకు తల్లి అనుకున్న రోజుల్లో ఈ విభజనకు ఒక తర్కం ఉందనుకుందాం. 1816లో ఎల్లిస్, 1856లో కాల్డ్వెల్ దక్షిణాది భాషల కుటుంబం వేరని చూపించారు. ఆ లెక్కన ‘గ్రంథం’ ఎంత అరువో ‘కాగితం’ కూడా అంతే అరువు. భాషాశాస్త్రం మారింది గానీ ఆ పాత గదుల గోడలు కూలలేదు.

‘రైతు’నే తీసుకోండి. అరబీలో దాని మూలానికి ఏలుబడిలో ఉన్న ప్రజ అని అర్థం. మన నేల మీదికొచ్చాక అది దున్నేవాడి పేరైంది. బహువచనం తెచ్చుకుంది. చివరికి సంస్కృతపు తోకను కూడా తగిలించుకుని ‘రైతాంగం’ అయింది. ఇంతగా ఈ మట్టిలో కలిసిపోయిన మాటను కూడా అన్యదేశ్యం అంటే, ఇక్కడే పుట్టి ఇక్కడి కబరస్తాన్‌లోనే కలిసిపోయే మనిషిని ఏమంటారు? ఈ ప్రశ్న మాకు భాషకు మాత్రమే సంబంధించింది కాదు.

బ్రౌన్ 1852 నాటి తెలుగు-ఇంగ్లీషు నిఘంటువులో హిందుస్తానీ మాటకు ఒక గుర్తు పెట్టాడు, సంస్కృతం మాటకూ ఒక గుర్తు పెట్టాడు. కచేరీల్లో, దస్తావేజుల్లో నడిచే మాటల కోసం మిశ్రభాషా నిఘంటువు వేరే చేశాడు. అది కంపెనీ దొరల అవసరం, మా మీద ప్రేమేం కాదు. అయినా జనం నోట్లో ఉన్నదాన్ని లెక్కలోకి తీసుకున్నాడు.

ఆంధ్ర సాహిత్య పరిషత్తు సూర్యరాయాంధ్ర నిఘంటువు తొలి సంపుటం 1936లో వచ్చింది. దాని వెనకున్న జయంతి రామయ్య పంతులు వ్యావహారికానికి గట్టి ప్రత్యర్థి. అందుకే ఆ నిఘంటువుకు కావ్యప్రయోగమే సాక్ష్యం. ఆ శ్రమ గొప్పదే, కాదనం. కానీ కావ్యాలు రాసింది ఎవరు? దూది ఏకే ఇంట్లో, పీర్ల చావిడిలో, మాదిగ వాడలో పలికిన మాటకు ‘ప్రయోగం’ ఎక్కడి నుంచి తేవాలి?

భద్రిరాజు కృష్ణమూర్తి ఈ పద్ధతిని తలకిందులు చేశారు. 1962లో వచ్చిన మాండలిక వృత్తిపదకోశం తొలి సంపుటం వ్యవసాయ పదాల కోసం జిల్లా జిల్లాకూ పోయి సేద్యగాళ్ల నోటినే సాక్ష్యంగా తీసుకుంది. ఆధునిక భాషాశాస్త్రం తెలుగు నిఘంటువుకు చేసిన అసలు మేలు ఇదే అని మా అభిప్రాయం. ప్రాంతం, వృత్తి అనే ఈ రెండు కొలబద్దల పక్కన మతసమూహం అనే మూడోది కూడా చేరాలి.

ఎందుకంటే మాకు ఉర్దూ మాటలే కాదు, తెలుగు మాటలకు మా అర్థాలూ ఉన్నాయి. మేము నమాజు ‘చదువుతాం’. ఆ చదవడంలో పుస్తకం ఉండదు. వంగడం, సజ్దా చెయ్యడం ఉంటాయి. ‘ఒక్కపొద్దు’ అంటే ఒకపూట తిండి అని అర్థం చెబుతారు. మా ఊళ్లలో రంజాన్ ఒక్కపొద్దు అంటే తెల్లవారకముందు నుంచి పొద్దుగూకేదాకా మంచినీళ్లు కూడా ముట్టని దీక్ష. ‘కందూరు’ దర్గా మొక్కుబడి విందు, దాన్ని హిందువులూ చేస్తారు. మరి అది ఎవరి మాట?

ఇక్కడ మావాళ్లలోనే కొందరితో మాకు తగాదా ఉంది. ఒక్కపొద్దు అనకూడదు, రోజా అనాలంటారు. తెలుగే ఇంటిభాషగా ఉన్న దూదేకులవాళ్లను ఉర్దూ రాదని చిన్నచూపు చూస్తారు. పండితుడి గ్రామ్యం, వీళ్ల శుద్ధి ఒకే గూటి పక్షులు.

‘తురక’, ‘సాయిబు’ లాంటి మాటలకు ‘మహమ్మదీయుడు’ అని రాసి ఊరుకుంటే అర్థం చెప్పినట్టు కాదు. సాహెబ్ అంటే యజమాని, పెద్దమనిషి. అదే సాయిబు ఒకరి నోట గౌరవం, ఇంకొకరి నోట ఎకసెక్కం. ఎవరు ఎవరిని ఏ సందర్భంలో అంటారో చెప్పని నిఘంటువు, మాటలోని దెబ్బను దాచిపెట్టి కేవలం శబ్దాన్ని చూపిస్తోంది. ఉన్నది ఉన్నట్టు రాయడమే శాస్త్రం అనేవాళ్లు ఆ దెబ్బను కూడా రాయాలి కదా!

ఇంకో చిన్న నిఘంటువు ఉంది. మా కథల్లో పేజీ అడుగున చుక్క పెట్టి వేసేది. ‘ఖాలా’కు చుక్క పెట్టి ‘పిన్ని’ అని రాయమంటారు. పక్క కథలో ‘అర్ఘ్యం’, ‘అవభృథం’ చుక్క లేకుండానే సాగిపోతాయి. ఏ పాఠకుణ్ణి మనసులో పెట్టుకుని ఆ చుక్కలు పెడుతున్నారో సంపాదకులు చెప్పాలి.