‘ఫలితం’ అనే మాట: చీలిక వద్ద పూడిన హృదయధమనులకు స్టెంట్ చికిత్స – తెలుగు వైద్యరచన

1. ఉపోద్ఘాతం

గుండెజబ్బులను గురించిన తెలుగు రచనల్లో “స్టెంట్ విజయవంతంగా అమర్చారు” అన్న వాక్యం తరచుగా ఎదురవుతుంది. అది చికిత్స ముగిసిన క్షణాన్ని మాత్రమే చెబుతుంది. రోగికి కావలసింది ఆ తరువాతి సంవత్సరాల సంగతి. ‘ఫలితం’ అంటే ఫలించినది. కాలం గడవనిదే ఫలం లేదు. ఈ మాటను మన వైద్యరచన ఎంత బాధ్యతగా వాడాలో ఒక ఉదాహరణతో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. సమస్య స్వరూపం

హృదయధమని రెండుగా చీలే చోట పూడిక ఏర్పడితే చికిత్స క్లిష్టమవుతుంది. ప్రధాన ధమనిలో స్టెంట్ వేసినప్పుడు శాఖ ముఖం ఇరుకయ్యే ప్రమాదం ఉంది. అందుకే వైద్యులు రెండు మార్గాలు అనుసరిస్తారు. ప్రధాన ధమనిలో ఒక స్టెంట్ వేసి, అవసరమైతేనే శాఖలో రెండోది వేయడం ‘ప్రొవిజనల్’ పద్ధతి. ముందే నిర్ణయించుకుని రెండింటిలోనూ వేయడం రెండో పద్ధతి.

3. రెండు పరిశోధనలు, రెండు జవాబులు

ఎడమ ప్రధాన ధమని చీలికపై 482 మందితో జరిగిన డీకేక్రష్-5 పరిశోధనలో, మూడేళ్లకు వైఫల్యం ప్రొవిజనల్ పద్ధతిలో 16.9 శాతం, ‘డీకే క్రష్’ అనే రెండు స్టెంట్ల పద్ధతిలో 8.3 శాతం. ఐరోపాలో 467 మందితో జరిగిన ఈబీసీ మెయిన్ పరిశోధన 2021లో ప్రచురితమైంది. అందులో ఏడాదికి ఈ సంఖ్యలు వరుసగా 14.7, 17.7 శాతం, గణాంకశాస్త్రరీత్యా ఆ తేడా నిర్ధారితం కాదు.

పైకి ఇవి పరస్పర విరుద్ధాలు. నిశితంగా చదివితే ‘రెండు స్టెంట్లు’ అన్న ఒకే పేరు కింద వేర్వేరు పనులున్నాయి. ఐరోపా పరిశోధనలో ఎక్కువమందికి చేసింది ‘కులాట్’ పద్ధతి; డీకే క్రష్ అతికొద్దిమందికే. ‘వైఫల్యం’ నిర్వచనమూ ఒకటి కాదు: మొదటిది గుండె కారణంగా సంభవించిన మరణాన్నే లెక్కించగా, రెండోది ఏ కారణంతో సంభవించిన మరణాన్నైనా లెక్కించింది. గడువులూ వేరు.

4. విమర్శ

కాబట్టి “రెండు స్టెంట్లే మేలు” అన్నా, “ఒక్కటే చాలు” అన్నా, ఆ వాక్యం అసంపూర్ణమే. ఏ చీలిక, ఏ పద్ధతి, ఎంతకాలం, దేన్ని వైఫల్యమన్నారు అనే నాలుగు ప్రశ్నలకు జవాబివ్వని ‘దీర్ఘకాలిక ఫలితం’ అర్థరహిత విశేషణం. ఈ వివరాలు పారిభాషిక పదాల కొరతవల్ల జారిపోవడం లేదు. శాఖ, చీలిక, పూడిక అనే మాటలు మనకు ఉన్నాయి. కొరత వాక్యనిర్మాణంలో ఉంది.

5. ముగింపు

“ఎడమ ప్రధాన ధమని చీలికలో డీకే క్రష్ చేయించుకున్నవారిలో మూడేళ్లలో నూటికి సుమారు ఎనిమిది మందికి, అదే ధమని కారణంగా గుండెపోటో, మళ్లీ చికిత్స అవసరమో, గుండె సంబంధ మరణమో సంభవించింది” – ఈ వాక్యం పొడవైనదే, కానీ తెలుగే. అంగీకార పత్రంపై సంతకం పెట్టబోయే కుటుంబానికి ‘విజయవంతం’ అనే మాటకంటే ఇదే ఉపకరిస్తుంది.