ప్లాస్టిక్ మీద రంగు నిలవాలంటే

దుబాయ్‌లో షార్జా సరిహద్దుకు దగ్గరగా ఉన్న అల్ కుసైస్ పారిశ్రామిక ప్రాంతం గ్యారేజీలకు పేరుపడిన చోటు. దాని పొరుగునే ఉన్న ముహైస్నాలో, కార్మికులు సోనాపూర్ అని పిలుచుకునే వసతి గృహాలలో, కరీంనగర్, నిజామాబాద్, జగిత్యాల ప్రాంతాల నుంచి వలస వెళ్లిన తెలుగువారు ఎందరో నివసిస్తున్నారు. రేకు సొట్టలు తీసి, పుట్టీ పట్టించి, రంగు కొట్టే డెంటింగ్, పెయింటింగ్ పనులు ఇటువంటి గ్యారేజీలకు నిత్యకృత్యాలు. 1988లో గల్ఫ్‌లోనే తొలి పచ్చిక గోల్ఫ్ మైదానంతో ఎమిరేట్స్ గోల్ఫ్ క్లబ్ మొదలైన తరువాత దుబాయ్‌లో మైదానాలూ రిసార్టులూ పెరిగి, వాటిలో తిరిగే గోల్ఫ్ కార్ట్‌లూ పెరిగాయి. వీటి పైభాగం చాలావరకు ప్లాస్టిక్ కావడంతో, రేకు మీద ఆరితేరిన చేయి కూడా ఇక్కడ కొన్ని అలవాట్లను మార్చుకోక తప్పదు.

ఏ ప్లాస్టిక్ అన్నది తేల్చుకోవడమే ఈ విద్యలో మొదటి మెట్టు. ఈ-జీ-గో కంపెనీ బండ్లలో ఎక్కువగా వాడే టీపీఓ అనేది పాలీప్రొపిలీన్‌కు రబ్బరు గుణమున్న పదార్థాన్ని కలిపి చేసినది. క్లబ్ కార్ కంపెనీ ప్రెసిడెంట్ నమూనాకు వాడిన సర్లిన్, గోల్ఫ్ బంతుల పైపొరకు కూడా వాడే గట్టి ప్లాస్టిక్. భాగం లోపలివైపు అచ్చు గుర్తు కనబడకపోతే, మరుగున ఉన్న అంచు నుంచి రంగు అంటని చిన్న పెచ్చును గీకి నీటిలో వేస్తారు: టీపీఓ వంటి ఓలెఫిన్ జాతి ప్లాస్టిక్ నీటికన్న తేలిక కనుక తేలుతుంది, ఏబీఎస్ అనే మరో రకం ప్లాస్టిక్ మునుగుతుంది.

ఈ తేడా ఎందుకు ముఖ్యమంటే, ఓలెఫిన్ ఉపరితలం ద్రవాలను సులభంగా అంటనివ్వదు. నీళ్లు చుక్కలుగా జారిపోయినట్టే రంగూ లోపలికి పట్టుకోకుండా పైపైన ఉండిపోయి, కొంతకాలానికి పొరలుగా లేచిపోతుంది. అందుకే ప్రైమర్‌కు ముందు అడ్హెషన్ ప్రమోటర్ అనే ద్రవాన్ని పలుచగా చల్లుతారు. అందులోని క్లోరినేటెడ్ పాలీఓలెఫిన్ ఒకవైపు ప్లాస్టిక్‌ను, మరోవైపు రంగును పట్టుకుంటుంది. మందంగా కొడితే బలం పెరుగుతుందనుకోవడం పొరపాటు, అప్పుడు ఆ పొరే బలహీనమవుతుంది.

గీతల విషయానికి వస్తే, ఎమరీ కాగితం పట్టకముందే సబ్బునీటితోనూ, ఆపై మైనాన్నీ సిలికాన్‌నూ తొలగించే ద్రావకంతోనూ తుడవాలి. ఈ వరుస తిరగబడితే జిడ్డు గరుకులోకి దిగి, రంగులో ఫిష్ ఐ అనే గుంటలు లేస్తాయి. గోటికి తగలని గీత పైనున్న పారదర్శక పూతలోనే ఉంటుంది కనుక 1500, 2000 నంబరు కాగితాలతో తడిపి రుద్ది, కాంపౌండ్‌తో బఫింగ్ చేస్తే చాలు. ప్లాస్టిక్ వరకూ దిగిన గీతకు బిరుసు పుట్టీ పనికిరాదు. ప్లాస్టిక్ వంగినప్పుడు అది పగులుతుంది కనుక, వంగే గుణమున్న ఫిల్లర్‌నే నింపాలి. మెషీన్ వేగం పెంచి రుద్దితే టీపీఓ వేడెక్కి నూగు లేస్తుంది. చీలికను వీ ఆకారంలో చెక్కి, అదే జాతి ప్లాస్టిక్ కడ్డీని వేడిగాలితో కరిగించి అతకడం మేలైన పద్ధతి.

వేసవిలో 45 డిగ్రీలు దాటే దుబాయ్ ఎండలో థిన్నర్ త్వరగా ఎగిరిపోవడం వల్ల రంగు తుంపరలు బండిని చేరేలోపే ఆరి, ఉపరితలం నారింజ తొక్కలా గరుకుబారుతుంది. అందుచేత నెమ్మదిగా ఆరే థిన్నర్‌ను ఎంచుకుని, ధూళి చొరబడని స్ప్రే బూత్‌లో, పూతకూ పూతకూ మధ్య డబ్బా మీద చెప్పిన వ్యవధి ఇచ్చి కొట్టడం ఉత్తమం.

బండి పాత పైభాగాన్ని పారవేయకుండా కొత్తదానితో సమానంగా నిలబెట్టే ఈ పని గౌరవించదగిన నైపుణ్యం. అయితే ఇందులో ప్రమాదమూ ఉంది: రెండు భాగాలు కలిపి వాడే క్లియర్ కోట్ అనే పారదర్శక పూతలోని ఐసోసయనేట్లు ఊపిరితిత్తులకు చేటు చేసి ఉబ్బసం తెప్పించగలవు. ముఖానికి చుట్టిన గుడ్డ వాటిని ఆపలేదు. బండి మెరుపును కోరుకునే యజమానులు శుభ్రమైన గాలిని అందించే మాస్కు ఖర్చును కూడా రంగు ధరలో కలిపి చెల్లించాలి, పనివాళ్లు అది లేకుండా స్ప్రే గన్ పట్టకూడదు.