అవుట్‌పుట్ దేనితో కొలిచారు?

ఇంట్లో తయారుచేసిన ఫ్రీ ఎనర్జీ జనరేటర్ గురించి ఎవరు చెప్పినా నేను అడిగే మొదటి ప్రశ్న ఒక్కటే: ‘అవుట్‌పుట్ దేనితో కొలిచారు?’ చాలామంది మల్టీమీటరే చూపిస్తారు. వోల్టులు చూశారు, ఆంపియర్లు చూశారు, రెండూ గుణించారు. ఇచ్చినదానికంటే వచ్చింది ఎక్కువని తేల్చారు. తిరకాసంతా ఆ గుణకారంలోనే ఉంది.

ఏసీలో వోల్టేజీ, కరెంటు కలిసి లేచి కలిసి పడితేనే ఆ లబ్ధం వాట్లవుతుంది. కాయిల్ అడ్డమొస్తే కరెంటు వెనకబడుతుంది. 230 వోల్టుల దగ్గర ఒక ఆంపియర్ పారుతూ, పవర్ ఫ్యాక్టర్ (ఆ లబ్ధంలో నిజంగా పనిచేసే వంతు) 0.3 ఉంటే అసలు పవర్ 69 వాట్లే. మిగతాదంతా ఏ పనీ చేయకుండా అటూ ఇటూ తిరుగుతుంటుంది.

పల్స్‌ల మీద నడిచే యంత్రాల్లో చిక్కు ఇంకా ఎక్కువ. 12 ఓముల రెసిస్టర్ మీద 12 వోల్టులు పదో వంతు సమయమే ఉన్నాయనుకోండి. శిఖరాలు చూసి లెక్కేస్తే 12 వాట్లు. నిజమైన సగటు 1.2 వాట్లు. లేని శక్తి పది రెట్లు కనిపించేది ఇలాగే. చవక మీటర్లు నున్నని సైన్ అలకు సరిపోయేలా తయారైనవి. కాయిల్ వదిలే సూదుల్లాంటి స్పైకులు వాటికి అందవు. ఆసిల్లోస్కోప్‌లో క్షణక్షణం వోల్టేజీని కరెంటుతో గుణించి, ఆపైన సగటు తీయాలి.

స్కోప్ లేనివాళ్లకు నేను చెప్పేది నీళ్ల పరీక్ష. నాకు అన్నిటికంటే నమ్మకం దానిమీదే. వేడి బయటికి పోని పాత్రలో లీటరు నీళ్లు పోసి, లోడ్ రెసిస్టర్‌ను అందులో ముంచి, కలుపుతూ థర్మామీటర్ చూడాలి. 100 వాట్లు పది నిమిషాలు అందితే 60,000 జౌళ్లు. నీళ్లు 14 డిగ్రీలకు కాస్త పైగా వేడెక్కాలి. పాత్ర మింగే వేడి తెలియాలంటే, ముందుగా తెలిసిన డీసీ పవర్‌తో అదే పరీక్ష చేసి పోల్చుకోవాలి. అల ఏ ఆకారంలో ఉన్నా నీళ్లకు పట్టదు. 1840ల్లో జేమ్స్ జౌల్ కిందికి దిగే బరువులతో తెడ్లు తిప్పి, నీటి వేడిలోనే శక్తి లెక్క తేల్చాడు.

ఇన్‌పుట్ వైపూ అంతే శ్రద్ధ కావాలి. బ్యాటరీని కాసేపు వదిలేస్తే వోల్టేజీ దానంతటదే కొంత పైకొస్తుంది. అది ఛార్జ్ అయినట్టు కాదు.

అమెరికాలో మిసిసిపీకి చెందిన జోసెఫ్ న్యూమన్, ఇచ్చినదానికంటే ఎక్కువ శక్తి ఇస్తుందని తాను చెప్పుకున్న యంత్రానికి పేటెంట్ ఇవ్వలేదని కోర్టుకెక్కాడు. 1986లో అక్కడి నేషనల్ బ్యూరో ఆఫ్ స్టాండర్డ్స్ దాన్ని పరీక్షించింది. సామర్థ్యం 26 నుంచి 67 శాతం మధ్యే తేలింది. ఒక్క కొలతలోనూ అవుట్‌పుట్ ఇన్‌పుట్‌ను దాటలేదు.

సొంత చేతులతో కాయిల్ చుట్టి, అయస్కాంతాలు అమర్చి, చక్రం తిప్పి చూసేవాళ్లంటే నాకు గౌరవం. వాళ్లను వెక్కిరించి పంపడం తప్పు. పక్కన కూర్చుని సరిగ్గా కొలిపించాలి. శక్తి శూన్యంలోంచి పుట్టదు. వృథా అయ్యేచోటు మాత్రం కొలతకు దొరుకుతుంది. పాత సీలింగ్ ఫ్యాన్ సుమారు 75 వాట్లు తింటుంటే, బ్రష్‌లు లేని డీసీ మోటారుతో తిరిగే బీఎల్‌డీసీ ఫ్యాన్ సుమారు 30 వాట్లతో దాదాపు అంతే గాలి ఇస్తోంది. అదీ కాయిల్, అయస్కాంతాల పనితనమే. యంత్రాన్ని నిజాయితీగా కొలవడం నేర్చిన కుర్రాడు రేపు అలాంటి మోటార్లు చేయగలడు. అందుకే ఆ పరీక్ష ఫలితం అతని ఆశకు ఎదురొచ్చినా, పడ్డ శ్రమ వృథా కాదు.